దివిసీమ ఉప్పు

గురువారం రాత్రి మా ఇంట్లో చింతపండు నానేది. తెల్లవారగానే రాగి చెంబులు, పంచపాత్ర, ఉద్ధరిణి, ఇత్తడి కుందులు, హారతి పళ్లెం అన్నీ పెరటి పంపు దగ్గరికి చేరేవి. మామ్మ ఆ గుజ్జులో గుప్పెడు ఉప్పు కలిపి, కొబ్బరి పీచుతో తోమి, కడిగి, పొడిగుడ్డతో తుడిచి వరుసగా బోర్లించేది. ఢిల్లీ రామకృష్ణాపురం సర్కారు క్వార్టర్లలో మాది కింది వాటా. చలికాలపు పలచటి ఎండ ఆ చెంబుల మీద పడితే గోడంతా ఎర్రటి మెరుపులు ఆడేవి. రాగి మెరవకపోతే ఆ ఇంటి ఆడవాళ్లకు మాటొస్తుందని మామ్మ నమ్మకం. బందరు నుంచి ఆవిడ తెచ్చుకున్న సామానులో సగం రాగీ ఇత్తడే.

అదే ఇంట్లో తాతయ్య దగ్గర తోమకూడని రాగి ఉండేది. బీరువా కింది అరలో చిన్న రేకు పెట్టె, అందులో పాత ధోవతి ముక్కల్లో చుట్టిన కాసులు. గంజి పెట్టని గుడ్డే వాడేవాడు. గంజి చెమ్మ పీలుస్తుందనీ, పురుగు పట్టిస్తుందనీ. ప్రతి పొట్లంలోనూ చిన్న కాగితం ముక్క ఉండేది. ఆ కాసు ఏ ఊళ్లో, ఏ సంవత్సరం, ఎవరి చేతి నుంచి వచ్చిందో అందులో తాతయ్య గుండ్రటి అక్షరాల్లో రాసి ఉండేది.

తాతయ్య బందరు ట్రెజరీలో గుమాస్తాగా చేరి అక్కడే రిటైరయ్యాడు. నాన్నకు ఢిల్లీలో ఉద్యోగం స్థిరపడ్డాక మామ్మతో సహా మా దగ్గరికి వచ్చేశాడు. 1957 ఏప్రిల్ 1న రూపాయికి 64 కానీల లెక్క పోయి 100 నయా పైసల లెక్క వచ్చింది. ఆ తర్వాత పాత రాగి డబ్బు ట్రెజరీకి గోనెసంచుల్లో తిరిగి వచ్చేదట. పైవాళ్లకు చెప్పి, తన జీతంలోంచి కట్టి, బాగున్న కానీలు మార్చుకునేవాడు. ఆ చిల్లర ఎంచే చేతులకి కాసు పట్టుకోవడం తెలుసు. బొటనవేలూ చూపుడువేలూ అంచుల మీదే ఉండేవి. బొమ్మ మీద గానీ రాత మీద గానీ వేలు పడేది కాదు. మాకు కూడా అలాగే నేర్పాడు. ముందు సబ్బుతో చేతులు కడుక్కుని పూర్తిగా తుడుచుకోవాలి. మంచం మీద దళసరి తువ్వాలు పరవాలి, జారిపడ్డా దెబ్బ తగలకుండా. కాసు దగ్గర నోరు తెరిచి మాట్లాడకూడదు, ఉమ్మి తుంపర పడితే మచ్చ పడుతుంది. ఆవకాయ తిన్న పూట పెట్టె తెరిచే ప్రసక్తే లేదు.

ఆ పెట్టెలో 1835 నాటి కంపెనీ పావు అణాలు ఉండేవి. 1862 నుంచి వచ్చిన విక్టోరియా కానీలు చాలా ఉండేవి. ఏడవ ఎడ్వర్డ్ కాలంలో, 1906లో, రాగిని ఆపి కంచు వాడటం మొదలుపెట్టారు: 95 పాళ్లు రాగి, 4 పాళ్లు తగరం, 1 పాలు జస్తా. పాత రాగి కానీ బరువు దాదాపు ఆరున్నర గ్రాములు, కొత్త కంచుది అయిదు గ్రాముల లోపు. కళ్లు మూసుకుని బరువును బట్టి ఏ కాలం కానీయో చెప్పడం నాకూ తమ్ముడికీ ఆట. నిజాం రాజ్యం నుంచి వచ్చిన రెండు పైల కాసు మీద తుగ్రా రాత ముడులు ముడులుగా అల్లుకుని ఉండేది. యుద్ధకాలంలో లోహం ఆదా చేయడానికి 1943 నుంచి 1947 వరకు కొట్టిన చిల్లు కానీలు విడిగా ఒక దారానికి గుచ్చి ఉండేవి. వాటిలో ఒకటి నాన్న పసితనంలో మొలతాడుకు కట్టింది. దాని ఒక పక్క సన్నటి గుంటలు పడి ఉండేవి. చెమటలో ఉప్పు ఉంటుందనీ, రాగికి ఉప్పును మించిన శత్రువు లేదనీ తాతయ్య ఆ గుంటలు చూపించే చెప్పాడు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 1797 నాటిది. ఇంగ్లండులో బర్మింగ్‌హాం దగ్గర సోహో టంకశాలలో మాథ్యూ బౌల్టన్ ఆవిరి యంత్రాల మీద కొట్టించి, ఓడల్లో మన ఉత్తర సర్కారుల కోసం పంపిన కాసు. రూపాయికి 48 అని ఇంగ్లీషులో దాని మీదే ఉంటుంది. శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా మన సంతల్లో తిరిగిన డబ్బు అది. రంగు ముదురు చాక్లెట్ రంగు. కంపెనీ సింహాల జూలు కూడా కనపడేది.

ఆ రంగే కాసుకు ప్రాణమని తాతయ్య అనేవాడు. ఆయన మాట వెనకున్న రసాయనశాస్త్రం నాకు తర్వాత తెలిసింది. గాలి తగిలిన రాగి మీద ముందు పలచటి ఎర్రటి ఆక్సైడ్ పొర కడుతుంది, క్యుప్రైట్ అంటారు. ఏళ్లు గడిచేకొద్దీ అది చిక్కబడి, గోధుమరంగుకు తిరిగి, కింది లోహానికి గాలి సోకకుండా అడ్డుపడుతుంది. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం, నిమ్మకాయలోని సిట్రిక్ ఆమ్లం ఆ పొరనే కరిగిస్తాయి. చెంబు మందంగా ఉంటుంది కాబట్టి వారం వారం తోమినా మూడు తరాలు నిలుస్తుంది. కాసు మీద రాణి జుట్టుపాయలు వెంట్రుకమందం కూడా ఉండవు. ఒక్కసారి తోమితే పాయల అంచులు పోతాయి, గులాబిరంగు పచ్చి రాగి బయటపడుతుంది. అది మళ్లీ నల్లబడేటప్పుడు సమంగా నల్లబడదు, మచ్చలు మచ్చలుగా తేలుతుంది. పోయిన పొరను ఎవరూ తిరిగి తేలేరు.

మామ్మకి ఇది నచ్చేది కాదు. శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతానికి కలశంలో వేయడానికి ఆవిడకి రాగి కాసు కావాలి, అదీ తళతళలాడేది. ఏటా ఆ ముందురోజు ఇద్దరికీ చర్చ జరిగేది.

“మీ కాసులకి మకిలి పట్టి ఉంది, అమ్మవారి దగ్గర ఎలా పెట్టనండీ?”

“మకిలి కాదే, అది దాని ఒళ్లు.”

చివరికి ముఖం పూర్తిగా అరిగిపోయిన ఐదవ జార్జి కానీలు రెండు వ్రతానికి కేటాయించారు. వాటిని మామ్మ ఇష్టం వచ్చినట్టు తోముకోవచ్చు. పసుపు, కుంకుమ, అక్షతలు, నీళ్లు వాటి మీద ఎన్ని పడినా ఫరవాలేదు. పూజకి వాడే కాసులు వేరు, దాచే కాసులు వేరు అనే ఆ ఏర్పాటు నాకిప్పటికీ సరైనదనిపిస్తుంది. మా ఇంట్లో ఇప్పటికీ అదే నడుస్తోంది.

పక్క వాటా పంజాబీ ఆంటీ దీపావళి రాత్రి లక్ష్మీపూజలో పాత పైసల్నీ వెండి రూపాయల్నీ పాలతో కడిగేవారు. ఢిల్లీలో చాలా ఇళ్ల ఆచారం అది. పాలు అంచుల్లో, అక్షరాల సందుల్లో ఎండిపోయి పులిసి రాగిని తింటాయి. తాతయ్య వాళ్ల ఆచారానికి ఒక్క మాట అడ్డు చెప్పలేదు. పూజ అయ్యాక మెత్తటి గుడ్డ పట్టుకుని వెళ్లేవాడు. ఆ కాసుల్ని మంచినీళ్లలో ముంచి తీసి, రుద్దకుండా, గుడ్డ మీద అద్ది ఆరబెట్టి వచ్చేవాడు. కొన్నేళ్లకు ఆంటీయే పాల గిన్నె పక్కన మంచినీళ్ల గిన్నె, గుడ్డ సిద్ధంగా పెట్టి, “బాబూజీ, ఆయియే” అని పిలిచేవారు.

ఆదివారాలు నన్ను వెంటబెట్టుకుని ఎర్రకోట వెనక బజారుకు తీసుకెళ్లేవాడు. పాత తాళాలు, గడియారాల ముళ్లు, విరిగిన కెమెరాలు, వాటి మధ్య దుప్పటి మీద కుప్పపోసిన కాసులు. అమ్మేవాళ్లు కొనేవాళ్ల కోసం వాటిని నిమ్మకాయతోనో ఇసుకతోనో రుద్ది పెట్టేవారు. తాతయ్య మెరిసేవాటి వైపు చూసేవాడు కాదు. అడుగున మట్టి పట్టి ఉన్నవి ఏరేవాడు. అవి ఎలాగూ చవక. అక్కడే ఒకసారి అక్బరు కాలం దాము దొరికింది. ఇరవై గ్రాములకు పైగా బరువున్న రాగి ముద్ద, అలాంటివి నలభై అయితే ఒక రూపాయి. ఢిల్లీ టంకశాల పేరు సగం తెగిపోయి కనపడేది. ఆ మట్టి తీయడానికి తాతయ్యకి చాలా రోజులు పట్టింది. చివర నమిలి మెత్తగా చేసిన వేపపుల్లతో, భూతద్దంలో చూస్తూ, పొడిగానే తీసేవాడు. ఇనుపసూది ముట్టుకోనిచ్చేవాడు కాదు.

చలికాలంలో తుగ్లకాబాద్ కోటకు వెళ్లినప్పుడు మాకు ఆ కోట రాగి కాసుల కథ చెప్పాడు. 1323లో ఓరుగల్లును పట్టుకున్న ఉలుగ్ ఖానే తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్ అయ్యాడు. ఓరుగల్లుకు సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టారు. బందీగా ఢిల్లీకి తీసుకొస్తున్న ఓరుగల్లు రాజు ప్రతాపరుద్రుడు దారిలోనే, నర్మద ఒడ్డున, పోయాడని ప్రోలయ నాయకుడి విలస శాసనం చెబుతుంది. ఆ సుల్తానే 1329 ప్రాంతంలో వెండి టంకాల విలువ కట్టి రాగి, ఇత్తడి కాసులు కొట్టించాడు. జనం ఇళ్లలోనే దొంగకాసులు పోశారు. 1332 నాటికి వాటిని వెనక్కి తీసుకుని ఖజానాలోంచి వెండీ బంగారం ఇవ్వాల్సివచ్చింది. తిరిగొచ్చిన రాగి తుగ్లకాబాద్‌లో గుట్టలు గుట్టలుగా పడి ఉండేదని ఆ కాలపు చరిత్రకారుడు బరనీ రాశాడు. మేం ఆ బురుజుల మీద పూరీలు తింటూ ఆ గుట్టలు ఎక్కడుండేవా అని వెతికాం. అప్పటినుంచి గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ హోషంగాబాద్ దగ్గర నర్మద వంతెన ఎక్కగానే నాకు ప్రతాపరుద్రుడు గుర్తొచ్చేవాడు. మామ్మ కిటికీలోంచి నదికి వేయడానికి డబ్బు అడిగేది. అప్పటికి చేతుల్లో ఆడేవి అల్యూమినియం పైసలు. తాతయ్య మాత్రం నదికి రాగే ఇవ్వాలని, అరిగిన కానీ ఒకటి జేబులో వేసుకుని బయలుదేరేవాడు.

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచింది. వేలమంది పోయారు. మామ్మ తమ్ముడి ఊరు అవనిగడ్డ దగ్గర. చిన్నతాతయ్యా పిల్లలూ బతికారు, ఇల్లు మిగల్లేదు. ఢిల్లీలో మాకు కబురు అందేదాకా మామ్మ పొయ్యి ముట్టించలేదు. మాఘమాసంలో ఆయన వచ్చాడు, చేతిలో ఒక గుడ్డసంచి. ఇంటి అడుగున బురదలో దొరికిన భోషాణంలో మిగిలినవి కొన్ని రాగి కాసులేనట. వాళ్ల తాతల నాటివి. “బావా, నీ దగ్గరుంటే నిలుస్తాయి” అని తాతయ్య చేతికిచ్చాడు.

సంచిలో కాసులు బురద ఎండి గట్టిపడి ఉన్నాయి. తాతయ్య పుల్లతో, మెత్తటి కుంచెతో ఆ మట్టి తీసి, ఆరబెట్టి, వేరే పొట్లాలు కట్టాడు. వేసవి వచ్చింది. ఢిల్లీ మే నెలలో గాలిలో చెమ్మ ఉండదు. పెదవులు పగిలిపోతాయి, ఉతికిన బట్ట పావుగంటలో ఆరిపోతుంది. ఆ పొడిగాలిలో దివిసీమ కాసులు ఏమీ కాకుండా ఉన్నాయి. కిటికీకి పెట్టిన కూలర్ ఉన్న గదిలో మాత్రం పెట్టె ఉంచనిచ్చేవాడు కాదు. తడిసిన వట్టివేళ్ల తడికల్లోంచి వచ్చే ఆ గాలి మనుషులకి హాయి, రాగికి కాదు.

తర్వాత వానలు పడ్డాయి. 1978 సెప్టెంబరులో యమున పొంగి పాత వంతెన దగ్గర 207.49 మీటర్లకు చేరింది. నగరం ఉత్తరాన కాలనీలు మునిగాయి. మా క్వార్టరుకు వరద రాలేదు గానీ గోడలు చెమ్మగిల్లాయి, పెరట్లో నాచు పట్టింది. ఒకరోజు తాతయ్య దివిసీమ పొట్లం విప్పితే లోపల గుడ్డ మీద లేతపచ్చటి పిండి రాలి ఉంది. కుంచెతో తుడిస్తే, నాలుగు రోజులకి మళ్లీ అదే చోట అదే పిండి.

చిలుము రెండు రకాలని ఆయన ఎప్పుడూ చెప్పేవాడు. గట్టిగా, ముదురుపచ్చగా, రాతిపొరలా అంటుకున్నది కాసుకు హాని చేయదు, దాన్ని గోకకూడదు. పిండిలా రాలేది లోపలినుంచి తింటుంది. ఆయన రెండు కాసుల్ని గాజుసీసాలో వేసుకుని బస్సెక్కి జనపథ్‌లోని జాతీయ మ్యూజియానికి వెళ్లాడు. అక్కడ రసాయనశాలలో ఒక పెద్దమనిషి ఓపికగా చూసి చెప్పాడట. సముద్రపు నీటిలోని క్లోరైడు రాగితో కలిసి కాసు పొర కింద దాక్కుంటుంది. పొడిగా ఉన్నంతకాలం కదలదు. గాలిలో చెమ్మ పెరగ్గానే, ప్రాణవాయువుతో కలిసి పచ్చటి పిండిగా మారుతూ ఆమ్లాన్ని వదులుతుంది. ఆ ఆమ్లం మళ్లీ కొత్త రాగిని తింటుంది, మళ్లీ పిండి. ఇంగ్లీషులో దీన్ని కంచుకు పట్టే రోగం అనే అంటారు. ముందు చేయవలసిన పని రోగం పట్టినవాటిని మిగతావాటి నుంచి విడదీయడం. తర్వాత ఉప్పును బయటికి లాగడం, ఆ పైన పొడిగా ఉంచడం.

ఉప్పు లాగడానికి స్వేదనజలం కావాలి. అది మోటారు బ్యాటరీల దుకాణంలో దొరికేది. గిన్నెల కోసం వెతికితే ముందు మామ్మ ఊరగాయ జాడీ తెచ్చింది. తాతయ్య వద్దన్నాడు, జాడీలో ఏళ్ల ఉప్పు ఇంకి ఉంటుంది. అప్పుడావిడ పండగలకి మాత్రమే తీసే గాజు పాయసం గిన్నెలు ఇచ్చేసింది. ఒక్కో గిన్నెలో ఒక్కో కాసు, మునిగేలా నీళ్లు, పైన మూత. ఆ నీళ్లు మార్చే పని మామ్మ తీసుకుంది, ఎవరూ అడక్కుండానే. రాగిని చూస్తే పీచు అందుకునే మనిషి, వెదురు పట్టుకారుతో కాసును ఎత్తి, పాత నీళ్లు వంపి, కొత్తవి పోసేది. ఒక్కసారి కూడా రుద్దలేదు. అవి తమ్ముడి ఇంట్లోంచి మిగిలినవి.

నేను అప్పటికి హైస్కూలుకు వచ్చాను. 1948లో మొదలైన ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ వాళ్ల బడి మాది. అక్కడ తెలుగు చదువుకున్నాం, సైన్సూ చదువుకున్నాం. కెమిస్ట్రీ మాస్టారు చిన్న సీసాలో సిల్వర్ నైట్రేట్ ద్రావణం ఇచ్చి ఎలా వాడాలో చెప్పారు. మామ్మ వంపిన నీళ్లలో ఒక్క చుక్క వేయగానే తెల్లటి మబ్బు కట్టింది. క్లోరైడు ఉందన్నమాట. మామ్మ వంగి చూసి, “ఇది మా ఊరిదేనా?” అని అడిగింది. అవునన్నాను. మా పంపునీళ్లలో చుక్క వేసినా మబ్బే కట్టింది. పంపునీళ్లతో కాసుల్ని ఎందుకు కడగకూడదో ఆ గాజు గ్లాసు చూపించింది. స్వేదనజలంలో మాత్రం ఏమీ కనపడలేదు. వారం వారం మబ్బు పలచబడుతూ వచ్చింది. చలికాలం గడిచి హోళీ వచ్చేసరికి చాలా గిన్నెల్లో మబ్బు కట్టడం ఆగిపోయింది.

అన్నీ దక్కలేదు. కొన్నిటికి అంచులు తిని చిల్లులు పడ్డాయి, కొన్నిటి మీద రాత మొత్తం పోయింది. తాతయ్య వాటిని పారేయలేదు, మిగతావాటిలో కలపనూ లేదు. దక్కినవాటిని స్పిరిట్లో ముంచి నీటితడి పోగొట్టి, ఎండలో బాగా ఆరబెట్టి, బిగుతు మూత ఉన్న గాజుసీసాలో సిలికా జెల్ పొట్లంతో దాచాడు. ఆ నీలిరంగు గింజలు చెమ్మ తాగితే గులాబిరంగుకు తిరుగుతాయి. అప్పుడు పెనం మీద వేడిచేస్తే మళ్లీ నీలం వస్తుంది. వానాకాలంలో ఆ గింజల రంగు చూడటం మా ఇంటి పనుల్లో ఒకటైంది.

ఇప్పుడు ఆ కాసులు నోయిడాలో నా దగ్గరున్నాయి. 1988 నుంచి నాణేలు కొడుతున్న ప్రభుత్వ టంకశాల ఈ ఊళ్లోనే ఉంది. అక్కడి నాణెం మీద సంవత్సరం కింద చిన్న చుక్క, మన హైదరాబాద్ టంకశాలదైతే నక్షత్రం. ఇప్పుడు కొట్టే రూపాయి ఉక్కు, దానికి ఈ బాధలేవీ లేవు. రాగికి కావలసింది మాత్రం మారలేదు: చుట్టూ గాలిలో చెమ్మ నలభై శాతం లోపు ఉండాలి. చిన్న హైగ్రోమీటర్ డబ్బాలోనే పెట్టాను. 2023 జులైలో యమున 208.66 మీటర్లకు లేచి 1978 రికార్డును దాటినప్పుడు, రోజూ ఆ ముల్లు చూసుకున్నాను. దివిసీమ కాసులు కదల్లేదు.

తాతయ్యకు లేని శత్రువు మాకొకటి వచ్చింది, పీవీసీ ఆల్బమ్. బజారులో దొరికే మెత్తటి ప్లాస్టిక్ జేబులు కొన్నేళ్లకు ఆమ్లం వదిలి కాసుకు పచ్చటి జిగురు పట్టిస్తాయి. అలా జిగురు పట్టినవాటిని స్వచ్ఛమైన ఎసిటోన్‌లో ముంచితే వదులుతుంది. గాలి ఆడే చోట, మంటకు దూరంగా చేయాలి. పాలియెస్టర్ జేబులకు ఈ గొడవ లేదు. రబ్బరుబ్యాండు, న్యూస్‌పేపరు, ఉన్నిగుడ్డ ఇవేవీ కాసుకు తగలనివ్వను; వాటిలోని గంధకం, ఆమ్లం రాగిని నల్లబరుస్తాయి. పిండి చిలుముకు ఇప్పుడు బెంజోట్రయాజోల్ అనే మందు వాడుతున్నారు. అది మనిషికీ మంచిది కాదు, ఇంట్లో ప్రయత్నించవద్దు. ఇంట్లో చేయగలిగింది రోగమున్న కాసును విడదీసి, పొడిగా ఉంచి, తెలిసినవాళ్లకు చూపించడమే.

ఢిల్లీలో తెలుగువాళ్ల ఇళ్లు ఖాళీ అవుతున్నాయి. పెద్దవాళ్లు పోయాక పిల్లలు అమెరికా నుంచి వచ్చి సామాను తేల్చేస్తున్నారు. కాసుల డబ్బా దొరగ్గానే చాలామంది చేసే మొదటి పని తళతళా తోమించడం. అలా తోమితే కాసు విలువ బాగా పడిపోతుంది. దానికన్నా ఎక్కువగా పోయేది దాని సమాచారం, ఎవరిది, ఎక్కడిది అన్నది. డబ్బా దొరికితే ముందు ఇంట్లో మిగిలిన పెద్దవాళ్లని అడిగి రాసుకోండి. నూరేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. అనుమతి లేకుండా దేశం దాటించకూడదు.

తమ్ముడి కొడుకు డాలస్‌లో ఉంటాడు. తాతల కాసులు తనకూ కొన్ని కావాలన్నాడు. విక్టోరియాలూ, ఉత్తర సర్కారుల కాసూ ఇక్కడే ఉంటాయని చెప్పి, వాటి ఫోటోలూ, తాతయ్య కాగితాల నకళ్లూ పంపాను. నాన్న మొలతాడు చిల్లు కానీ 1943 నాటిది, దానికి ఇంకా నూరేళ్లు నిండలేదు. అది వాడికిచ్చాను, గుంటలు పడ్డ పక్క ముట్టుకోవద్దని చెప్పి. డాలస్‌లో ఏ నెలల్లో చెమ్మ ఎక్కువో కనుక్కున్నాను. పాలియెస్టర్ జేబు, సిలికా జెల్ పొట్లం, గింజల్ని ఎప్పుడు వేడిచేయాలో తెలుగులో రాసిన చీటీ అన్నీ కలిపి ఒకే డబ్బాలో పెట్టి పంపాను.